మింగేది కాదు, పీల్చేది

నా ఉద్యోగం ఏమిటో మా చిన్నమ్మకి చివరిదాకా అర్థం కాలేదు. రాజోలు వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది.

“మందులు తయారుచేస్తావా?”

“లేదు చిన్నమ్మా.”

“పోనీ, అమ్ముతావా?”

“అదీ కాదు.”

“మరి పొద్దుట్నించి సాయంత్రందాకా ఆ ఆఫీసులో ఏం చేస్తావే సువర్ణా?”

నేను రిటైరై మూడేళ్ళయింది. హైదరాబాదు వదిలి అమలాపురంలో ఉంటున్నాను. ఇక్కడి ఫార్మసీ కాలేజీలో వారానికో క్లాసు చెబుతాను. చదువు పూర్తవుతున్న పిల్లలు కూడా చిన్నమ్మ అడిగిన ప్రశ్నే అడుగుతున్నారు, కాకపోతే ఇంగ్లీషులో. క్లాసులో గంట కొట్టేలోపు చెప్పగలిగింది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఒక మందుకి ప్రభుత్వ అనుమతి వచ్చాక, అది షాపు అరలోకి చేరేలోపు చాలా చేతులు పడాలి. ఫ్యాక్టరీ వాళ్ళు తయారుచెయ్యాలి. నాణ్యత చూసే వాళ్ళు పరీక్షించి వదలాలి. పెట్టె, పెట్టెలో పెట్టే కాగితం అచ్చవ్వాలి. డిపోలకి సరుకు చేరాలి. డాక్టర్లని కలిసే మెడికల్ రిప్రజెంటేటివులకి శిక్షణ ఇవ్వాలి. వీళ్ళలో ఎవరు వెనకబడినా మిగతా అందరూ ఆగిపోతారు. వీళ్ళందరినీ ఒకే రోజుకి ఒకే చోటికి తీసుకురావడం నా పని. వీళ్ళలో ఒక్కరు కూడా నా కింద పనిచేసేవారు కారు. ఎవరికీ ఉత్తర్వు ఇవ్వలేను, ఎవరి సెలవూ ఆపలేను. నా చేతిలో ఉన్నది తేదీల పట్టిక ఒకటి, ఫోను ఒకటి. మిగిలినదంతా బతిమాలుకోవడమే.

ఆకుపచ్చ రంగు

నా మొదటి బాసుకి రంగులంటే ఇష్టం. పని సవ్యంగా ఉంటే పట్టికలో ఆకుపచ్చ వెయ్యాలి, ఆలస్యమైతే ఎరుపు. ఎరుపు కనిపిస్తే ఆయన ముఖం కూడా ఆ రంగుకే తిరిగేది. అందుకని అందరూ ఆకుపచ్చే వేసేవారు. నేనూ వేశాను. పట్టిక వరిచేనులా కళకళలాడుతుండగా ఒక మందు విడుదల రెండు నెలలు ఆలస్యమైంది. ఆయన చెడ్డవారు కారు. చెడ్డ వార్త వినే ఓపిక లేనివారు. ఈ పనిలో అంతకంటే పెద్ద లోపం లేదని నా అభిప్రాయం.

ఆయన తర్వాత రత్నం గారు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి పైకొచ్చినవారు. ఆయన చూసిన మొదటి విడుదల పిల్లల జ్వరం సిరప్. సమావేశంలో ఒక్కొక్క విభాగం లేచి తమ వంతు పూర్తయిందని చెప్పింది. అందరూ చెప్పడం అయ్యాక ఆయన ఒక్కటే అడిగారు.

“తల్లి ఈ మందు పిల్లకి దేంతో కొలిచి పోస్తుంది?”

సీసా మూత మీద బోర్లించే చిన్న కొలత కప్పు ఎవరూ తెప్పించలేదు. కొనుగోలు విభాగం అది ఫ్యాక్టరీ చూసుకుంటుందనుకుంది. ఫ్యాక్టరీ కొనుగోలు వాళ్ళ పని అనుకుంది. నేను ఇద్దరిలో ఎవరో ఒకరు చేస్తారులే అనుకున్నాను. రత్నం గారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కప్పులు పోతపోసే కార్ఖానాకి వెళ్ళి, మొదటి కప్పు బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.

తిరిగొస్తూ కారులో అన్నారు. “అమ్మా, మెయిల్లో అడిగితే ‘అయిపోయింది’ అంటారు. ఎదురుగా వెళ్ళి నిలబడితే ‘దాదాపు అయిపోయింది’ అంటారు. ఆ ‘దాదాపు’ వినడానికే నిన్ను పెట్టుకున్నాం.”

ఆ రోజు నుంచి నేను ఫోను తగ్గించి నడక పెంచాను. ఫ్యాక్టరీ గేటు కాపలా ఆయన దగ్గర్నుంచి ప్రింటింగు ప్రెస్సులో కాగితం మడతపెట్టే ఆవిడ దాకా అందరి పేర్లూ తెలిశాయి. ఈ పనిలో నాకు పట్టుబడిన విద్య ఏదైనా ఉంటే అది ఆయన పెట్టిన భిక్షే. అయినా నేను నా జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేసింది ఆయన దగ్గర ఉన్నప్పుడే.

మా ప్రాంతానికి వచ్చిన మందు

అది ఆయాసానికి వాడే మందు. చూడ్డానికి మామూలు గొట్టం మాత్రలా, అంటే క్యాప్సూల్‌లా ఉంటుంది, కానీ లోపల ఉన్నది మెత్తటి పొడి. దాన్ని అరచేతిలో పట్టే చిన్న ప్లాస్టిక్ పరికరంలో పెట్టి తిప్పితే మాత్ర విచ్చుకుంటుంది. అప్పుడు ముందు ఊపిరి పూర్తిగా వదిలి, నోటితో గట్టిగా పీలిస్తే పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. చివర నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. మందు మంచిది. అందులో ఎవరికీ సందేహం లేదు.

మొదట కోస్తాలో విడుదల చేద్దామన్నారు. కోనసీమ పేరు నేనే చెప్పాను. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు తీసే మిల్లులు చాలా ఉన్నాయి. ఆ ధూళిలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆడవాళ్ళకి ఆయాసం, పిల్లికూతలు రావడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. మా వాళ్ళకి ముందు అందాలని ఆశ. కొంత గర్వం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

రాజమండ్రిలో పెద్ద హోటల్లో విడుదల సభ ఖాయమైంది. దానికి నెలా పది రోజుల ముందే అమలాపురం, అంబాజీపేట, కొత్తపేట, రాజోలులో ఒక్కొక్క షాపుకి కొద్దిగా సరుకు పంపాం, డాక్టర్లు రాయడం మొదలుపెడతారని. డిపోలన్నీ నిండాయి. ఇంక తొమ్మిది రోజులుందనగా అమలాపురం నుంచి మా రిప్రజెంటేటివ్ రాజబాబు ఫోన్ చేశాడు.

“మేడమ్, దేవదానం గారు మిమ్మల్ని ఓసారి రమ్మంటున్నారండి.”

దేవదానం గారిది అమలాపురం బస్టాండు దగ్గర మందుల షాపు. అరవై దాటిన మనిషి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా రిటైరయ్యాక షాపు పెట్టుకున్నారు.

“ఏమైంది రాజబాబూ?”

“ఫోన్లో చెప్పేది కాదంటున్నారండి. కళ్ళతో చూడాలంటున్నారు.”

పోస్టర్లు, బ్యానర్లు, భోజనాలు, అతిథుల కార్లు అన్నీ నా నెత్తి మీదే ఉన్న వారం అది. అయినా బయల్దేరాను. వెళ్ళనివ్వమని అడిగితే రత్నం గారు, “నడవమని నేర్పింది నేనే కదా” అన్నారు.

దేవదానం గారి కౌంటరు దగ్గర

దేవదానం గారికి ఒక అలవాటు ఉంది. ఏ కొత్త మందు ఇచ్చినా, “వారం తర్వాత వచ్చినప్పుడు ఎలా వాడుతున్నారో చూపించాలండి” అని చెప్పి పంపుతారు. చాలామంది రారు. వచ్చినవాళ్ళని విసుక్కోకుండా కూర్చోబెట్టి చేయించి చూస్తారు. ఇలాంటి మనిషి కోసం మా విడుదల పట్టికలో ఒక్క గడి కూడా లేదు. డాక్టర్లకి శిక్షణ రాశాం, రిప్రజెంటేటివులకి రాశాం. కౌంటరు వెనక నిలబడేవాళ్ళకి సభ అయ్యాక మూడో వారంలో చెబుదామనుకున్నాం.

నేను వెళ్ళేసరికి షాపులో బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. పేరు నాగమణి, పీచు మిల్లులో పని. వారానికి రమ్మంటే నెల దాటాక, ఆ పొద్దుటే వచ్చిందట. నాలుగు మాటలకోసారి ఆగి గాలి తీసుకుంటోంది. దేవదానం గారు నన్ను పరిచయం చెయ్యలేదు.

“నాగమణమ్మా, మీరు మందెలా వేసుకుంటారో ఈవిడకి ఓసారి చూపించండమ్మా.”

“ఆయ్, అలాగేనండి.”

ఆవిడ సంచిలోంచి మా పెట్టె తీసింది. పరికరం తీసి శుభ్రంగా చీరచెంగుతో తుడిచింది. గ్లాసులో నీళ్ళు పోసుకుంది. స్ట్రిప్పులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకోబోయింది. దేవదానం గారు చెయ్యి పట్టుకుని ఆపారు.

“మింగాక ఏం చేస్తారమ్మా?”

“ఇది పీలుస్తానండి.” ఖాళీ పరికరం నోట్లో పెట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పీల్చింది. తర్వాత వేళ్ళు మడుస్తూ పది దాకా లెక్కపెట్టింది. ఆ పది లెక్కపెట్టడానికి ఆవిడ ఎంత అవస్థ పడిందో చూసినదాన్ని, చెప్పలేను.

“ఎవరు చెప్పేరమ్మా ఇలా?” అని నేను అడిగాను.

“డాట్రుగారు పేపర్లో ఉంది చూసుకోమన్నారండి. బయట జనం అంతమంది ఉన్నారు కదండీ, ఆయనకి మాత్రం... తీరుబడి ఏదండీ. మా పాప పదో తరగతండి. చదివి చెప్పింది. ఒక్క పూట కూడా తప్పలేదండి.”

“పాత మందులు?”

“కొత్తది వచ్చింది కదాని మానేసేనండి.”

పెట్టెలోంచి కాగితం తీసి నా చేతికిచ్చింది. తెలుగు వైపు ఇలా ఉంది: ‘మందును లోపలికి తీసుకుని, పరికరం ద్వారా గట్టిగా గాలి పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేవరకు ఊపిరి బిగబట్టాలి. దగ్గర ఒక గ్లాసు నీళ్ళు ఉంచుకోవాలి.’

ఆవిడ చేసినదానిలో తప్పు ఎక్కడుంది? కాగితం చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చేసింది. ఇంగ్లీషులో ఉన్న మాట పీల్చడానికి వాడేదే. దాన్ని ఎవరో ‘లోపలికి తీసుకుని’ అని తెలుగు చేశారు. లోపలికి తీసుకోవడమంటే మన దగ్గర మింగడం కాక మరేమిటి? పుక్కిలించడానికి పెట్టుకోమన్న నీళ్ళు మింగడానికి పనికొచ్చాయి. ఎలా వాడాలో చూపించే బొమ్మలు తెలుగు వైపు చోటు చాలక తీసేసి, ఇంగ్లీషు వైపు మాత్రమే ఉంచారు.

ఆ తెలుగు చదివి సరిగ్గా ఉందని సంతకం చేసింది నేను. కంపెనీలో గోదావరి తెలుగు వచ్చినదాన్నని నాకే పంపారు. మధ్యాహ్నం రెండు సమావేశాల మధ్య నిలబడి చదివాను. మందు ఎలా వాడాలో నాకు ముందే తెలుసు కనుక ఆ వాక్యం నాకు సరిగ్గానే కనిపించింది. పిల్లలూ, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. రోగి కోసం రాసిన కాగితాన్ని ఆ మందు సంగతి ఏమీ తెలియని మనిషి చేత చదివించాలి. మనం చదివితే చదివినట్టు కాదు.

నేను ఆవిడ పక్కన బల్ల మీద కూర్చున్నాను.

“నాగమణి గారూ, మీ పొరపాటు ఏమీ లేదండి. ఈ మాట రాసినప్పుడు చూసి సరేనన్నది నేను. ఇది మింగే మందు కాదు. తప్పు నాదండి.”

ఆవిడ నా వైపు, దేవదానం గారి వైపు చూసింది. “అయితే నెల్రోజులూ నా పొట్టకి ఆయాసం మందేసేనన్నమాట,” అని నవ్వబోయి దగ్గులో పడింది. తేరుకున్నాక, “కావాలని చేసేరా ఏంటండి,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నాతో వచ్చిన రాజబాబు వెంటనే ఆటో పిలిచాడు. ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు ఆవిడకి మాస్కు పెట్టి గాలి మందు పట్టించి, సాయంత్రందాకా ఉంచుకుని, పాత మందులు కూడా మళ్ళీ రాసి పంపారు. తగ్గాక దేవదానం గారే వచ్చి పరికరం ఎలా వాడాలో చేయించారు. మొదటిసారి పొడి సరిగ్గా లోపలికి వెళ్ళగానే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, “తియ్యగా తగిలిందండీ!” అంది. మందుతో కలిపే పొడికి కొంచెం తీపి ఉంటుంది. నెల రోజుల్లో ఆ తీపి ఆవిడకి తెలియడం అదే మొదలు.

ఫోన్లో రత్నం గారు

ఆసుపత్రి ఆవరణలో నిలబడి ఫోన్ చేశాను. జరిగింది మొత్తం చెప్పాను.

“ఆ తెలుగు ఎవరు చూశారు?”

“నేనేనండి. సంతకం నాదే.”

“సరే. ఎవరిదో వెతుక్కునే పని తప్పింది,” అన్నారు. “ఇప్పుడు చెప్పు. ఎంతమందికి వెళ్ళింది?”

“తెలీదండి.”

“అయితే నువ్వు బయల్దేరకు. నాలుగు షాపులకీ వెళ్ళు. మందు కొన్న ఒక్కొక్కళ్ళనీ కలుసుకో. షాపుల్లో అమ్మకం ఈ క్షణం నుంచి ఆపించేస్తాను. డిపోల సంగతి నువ్వొచ్చాక సమావేశంలో చూద్దాం.”

“నేను రాజీనామా...”

“అమ్మా, నీ రాజీనామాతో అక్కడ ఎవరికైనా ఆయాసం తగ్గుతుందా? తగ్గుతుందంటే ఇచ్చెయ్యి.”

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను అంత గట్టిగా మందలించిన మాట మరొకటి లేదు, అంత గట్టిగా నిలబెట్టిన మాటా లేదు.

బయల్దేరే ముందు దేవదానం గారు నన్ను పిలిచి ఒక సలహా చెప్పారు. “మీ ఆఫీసులో పెద్దలు ఒప్పుకోరేమోనండి. నేను చెప్పేనని అనకండి గానీ, ఈ కాగితం పదిమందికిచ్చి పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టి చూడండి. మీరేం మాట్లాడక్కర్లేదండి.”

ముప్ఫై ఒక్క మంది

నాలుగు షాపుల్లో వాకబు చేస్తే ముప్ఫై ఒక్క మంది తేలారు. రాజబాబు మోటార్ సైకిలు మీద రెండు రోజులు తిరిగాం. కొన్ని ఊళ్ళకి దారి నాకు తెలుసు, కొన్నిటికి అతనికి తెలుసు. ఎవరింటికి వెళ్ళినా అతను చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు వాళ్ళ ఆరోగ్యం అడిగి, తర్వాతే పెట్టె తీయించేవాడు. కంగారుపెట్టకుండా ఆ కబురు చెప్పడం నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు.

సగానికి పైగా మింగుతున్నారు. కొందరు మాత్ర విప్పి పొడి నాలుక మీద వేసుకుంటున్నారు. ఒకాయన పరికరాన్ని దేవుడి పటాల పక్కన భద్రంగా పెట్టుకున్నారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అది మా అదృష్టం, మా జాగ్రత్త ఎంతమాత్రం కాదు.

రాజోలు దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు మాత్రం చక్కగా వాడుతున్నారు. నాకు ప్రాణం లేచొచ్చి, “కాగితం మీకు బాగా అర్థమైందన్నమాట మాస్టారూ!” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. “నేను ఇంగ్లీషు వైపు చదివేనమ్మా. అక్కడ బొమ్మలున్నాయి. తెలుగు చదివుంటే నేనూ మింగేవాణ్ణే. మనవాళ్ళకి తెలుగులో చెప్పాలంటే మీకు అంత లోకువయిపోయిందా?”

రాజోలు పిల్లని. మా ఊరి మాస్టారు లాంటి మనిషి ముందు తలెత్తలేకపోయాను.

పది గ్లాసులు

మూడో రోజు హైదరాబాదులో సమావేశం. సేల్స్ పెద్ద మూర్తి గారు విడుదల ఆపడానికి ఒప్పుకోలేదు. ఆయన వాదన తీసిపారేసేది కాదు. రెండేళ్ళ శ్రమ. చలికాలం ముంచుకొస్తోంది, ఆయాసం రోగులకి మందు కావలసిన సమయం అదే. “మంచి మందు ఆపితే కూడా రోగికి నష్టమే కదా. డాక్టర్లకి ఒక ఉత్తరం రాద్దాం. తర్వాతి బ్యాచికి కాగితం మారుద్దాం,” అన్నారు.

నేను దేవదానం గారు చెప్పినట్టే చేశాను. క్యాంటీన్ వాళ్ళని, డ్రైవర్లని, సెక్యూరిటీ వాళ్ళని, పక్క ఆఫీసు నుంచి ఇద్దరు గుమాస్తాలని పిలిచాను. మొత్తం పదిమంది. ఒక్కొక్కరి ముందు మా కాగితం తెలుగు వైపు పైకి ఉండేలా పెట్టాను. పక్కన పరికరం, మందులేని ఖాళీ మాత్ర, గ్లాసు నీళ్ళు. “చదివి, అందులో ఉన్నట్టు చెయ్యండి. నోట్లో వేసుకోకుండా ముందే ఆగండి,” అన్నాను.

ఏడుగురు నీళ్ళ గ్లాసు అందుకున్నారు. వాళ్ళలో ఒకరు మూర్తి గారి డ్రైవరు. ఆయన దగ్గర పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న మనిషి.

మూర్తి గారు లేచి డ్రైవరు చేతిలోంచి గ్లాసు నెమ్మదిగా తీసుకుని బల్ల మీద పెట్టారు. ఫోను తీసి రాజమండ్రి హోటలుకి ఆయనే చేశారు. “సభ రద్దు చేస్తున్నాం. తేదీ తర్వాత చెబుతాం.” ఆ మధ్యాహ్నమే డిపోలన్నిటికీ సరుకు కదపొద్దని ఆయన సంతకంతోనే ఉత్తర్వులు వెళ్ళాయి. నేను అంతవరకు ఆయన్ని అంకెల మనిషి అనుకునేదాన్ని. తన మాట తప్పని తెలిశాక ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యకుండా వెనక్కి తీసుకునే మనుషులు ఎంత తక్కువో తర్వాత తెలిసింది.

కొత్త వాక్యం

వైద్య విభాగం కొత్త వాక్యం రాసి పంపింది: ‘ఈ ఔషధమును ఉచ్ఛ్వాసము ద్వారా మాత్రమే ఉపయోగించవలెను.’ ఈసారి నేను సంతకం చెయ్యలేదు. కాగితం పట్టుకుని మళ్ళీ అమలాపురం వచ్చి, దేవదానం గారి షాపులో నాగమణి గారికి చదివి వినిపించాను.

“అంటే మింగొచ్చాండి, మింగకూడదాండి?”

“మింగకూడదండి.”

“ఆ ముక్క రాయండి మరి. ‘ఇది మింగేది కాదు’ అనండి. ‘పీల్చేది’ అనండి. తెలుగు రానోళ్ళు రాసినట్టుందండి అది.”

దేవదానం గారు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. నేను ఆవిడ మాటలే రాసుకున్నాను. ఆవిడ అప్పటికి తన దగ్గర మిగిలిన పెట్టెతోనే పదిహేను రోజులుగా మందు సరిగ్గా వాడుతోంది. మేడ మీద బట్టలారేసి ఎక్కడా ఆగకుండా దిగివచ్చానని చెప్పింది. అయితే ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. మా మందు ఆవిడ ఆయాసం తగ్గించింది గాని మిల్లులో ధూళి తగ్గించలేదు. ఆవిడ మర్నాడు మళ్ళీ అదే పీచులోకి వెళ్ళింది. మందుల కంపెనీలో పనిచేసేవాళ్ళు తాము చేసేది ఎంతవరకో తెలుసుకుని ఉండటం మంచిది.

వాక్యం మరీ మాట్లాడినట్టుందని వైద్య విభాగం అభ్యంతరం చెప్పింది. రత్నం గారు, “మనుషులతో మాట్లాడాలనే కదా కాగితం పెడుతున్నాం,” అని అదే అనుమతికి పంపించారు. అనుమతి వచ్చేసరికి చలికాలం సగం గడిచింది. ఈలోగా ఇంకో కంపెనీ మందు ముందు వచ్చేసింది. మేము రెండో వాళ్ళమయ్యాం. పెట్టె మీద, కాగితం మీద, స్ట్రిప్పు వెనక ఎర్ర అక్షరాలతో ‘ఇది మింగేది కాదు, పీల్చేది’ అని అచ్చయింది. బొమ్మలు తెలుగు వైపుకి వచ్చాయి.

విడుదల

సభ రాజమండ్రి హోటల్లో కాదు, అమలాపురంలో ఒక చర్చి పక్కన ఉన్న కమ్యూనిటీ హాల్లో జరిగింది. అక్కడ పెడదామన్నది మూర్తి గారే. ఈసారి మొదటి వరసల్లో మందుల షాపుల వాళ్ళని కూర్చోబెట్టాం. ఆత్రేయపురం నుంచి కె.గంగవరం దాకా కౌంటరు వెనక నిలబడే వాళ్ళు వచ్చారు. వేదిక మీద ఉపన్యాసాలు పెట్టలేదు. దేవదానం గారు మైకు పట్టుకుని, ఒక్కొక్కరి చేతిలో మందులేని మాత్ర, పరికరం పెట్టించి, ఎలా వాడాలో చేసి చూపించారు. తర్వాత వరసల మధ్య తిరుగుతూ అందరి చేతా చేయించారు. తప్పు చేసినవాళ్ళని మర్యాదగా, కానీ వదలకుండా సరిదిద్దారు.

చివరికి ఎవరో వెనక నుంచి, “పెద్దాయన చేత కూడా చేయించండి!” అని అరిచారు. రత్నం గారు అప్పటిదాకా ఆఖరి వరసలో రాజబాబు పక్కన కూర్చుని ఉన్నారు. నవ్వుతూ ముందుకి వచ్చారు. మాత్ర పెట్టి, తిప్పి, పెదాలు గట్టిగా మూసి పీల్చారు. హాలంతా చప్పట్లు కొట్టబోతుంటే దేవదానం గారు చెయ్యెత్తి ఆపారు.

“మన్నించాలండి. తమరు ముందు ఊపిరి పూర్తిగా బయటికి వదల్లేదండి. మళ్ళీ చెయ్యాలండి.”

మూర్తి గారు నవ్వాపుకోలేక తల వంచుకున్నారు.

“ఆయ్, అలాగేనండి,” అన్నారు కృష్ణా జిల్లా రత్నం గారు. ఇంకో మాత్ర అడిగి తీసుకుని, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి, లోపలున్న గాలంతా వదిలేసి, మళ్ళీ మొదట్నుంచి చేశారు.